డి750 వాడేవారు కొత్త నికాన్ డి780 కొనాలా? మూడు పెళ్లిళ్లు తీశాక నా మాట

ఇది 2020 ఫిబ్రవరిలో ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ ప్రశ్నకి రాసిన సమాధానం. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగేళ్లుగా లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా నికాన్ డి750తో పెళ్లిళ్లు తీస్తున్నారు. 24-70తో పాటు 50 ఎఫ్/1.8డి, 85 ఎఫ్/1.8డి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 80-200 ఎఫ్/2.8డి లెన్సులు మీ దగ్గరున్నాయి. 2020 జనవరి 7న ప్రకటించిన డి780 అప్పుడే షాపుల్లోకి వచ్చింది. అది తీసుకోవాలా, అద్దం లేని (మిర్రర్‌లెస్) నికాన్ జెడ్6కి మారిపోవాలా, మండపంలో ఫొటోకి నిజంగా తేడా ఉంటుందా, పాత డి750ని ఏం చేయాలి అని అడిగారు. ఫాల్గుణ మాసం ముహూర్తాల లోపు తేల్చుకోవాలన్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ లెన్సులను బట్టి చూస్తే జెడ్6 కంటే డి780యే మీకు సరిపోతుంది. అయితే ఒక షరతు. పెళ్లంతా వ్యూఫైండర్‌కి కన్ను ఆనించే తీస్తాను, స్క్రీన్ చూసి తీసే అలవాటు లేదు, చేసుకోను అనుకుంటే మాత్రం ఈ సీజన్‌కి ఏదీ కొనకండి. డి780కి మీరు పెట్టే డబ్బులో పెద్ద భాగం స్క్రీన్ వైపు వచ్చిన మార్పుకే పోతుంది. ఆ మార్పు మీకు అక్కర్లేకపోతే మీ డి750 ఇంకా బాగా పనికొచ్చే కెమెరాయే.

నాకిది జనవరి ఆఖరి వారంలో చేతికొచ్చింది. మాఘమాసం కదా, వచ్చిన మూడో రోజే పని పడింది. ఇప్పటికి మూడు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్ తీశాను. మూడు పెళ్లిళ్లలో ఒకటి చర్చిలో, ఒకటి తెల్లవారుజామున ఊళ్లో పందిట్లో, ఒకటి ఏసీ కల్యాణ మండపంలో. వెలుతురు పరంగా మూడూ మూడు రకాలు, అందుకే ఈమాత్రం ధైర్యంగా రాస్తున్నాను. నేను ఎఫ్ఎం2 మీద ఫిల్ముతో మొదలుపెట్టినవాణ్ణి. తర్వాత డి70, డి700, 2014 చివరి నుంచి డి750. కాబట్టి నేను పోల్చేదంతా డి750తోనే, మీకూ కావాల్సింది అదే.

చేతిలోకి తీసుకోగానే డి750 వాడినవారికి కొత్తగా ఏమీ అనిపించదు. అదే లోతైన గ్రిప్, దాదాపు అదే బరువు. బ్యాటరీ, కార్డు వేస్తే 840 గ్రాములు. బటన్ల చోట్లు కూడా చాలావరకు అవే. కుడి బొటనవేలు కింద ఫోకస్ పట్టించే ఏఎఫ్-ఆన్ బటన్ విడిగా ఇచ్చారు. డి750లో ఆ పనికి ఏఈ-ఎల్ బటన్‌నే మార్చుకుని వాడేవాళ్లం. ఫోకస్ పాయింట్ జరపడానికి డి850లో ఉన్న చిన్న జాయ్‌స్టిక్ ఇందులో లేదు, గుండ్రటి మీటతోనే జరపాలి. చీకట్లో వెలిగే బటన్లు కూడా లేవు. స్క్రీన్ ఇప్పుడు టచ్. తీసిన ఫొటోని మళ్లీ తెరిచి, కళ్ల దగ్గర ఫోకస్ పడిందో లేదో స్క్రీన్‌ని రెండుసార్లు తట్టి చూసుకోవచ్చు. చిన్న విషయమే కానీ ముహూర్తం షాట్ తీశాక ఉండే టెన్షన్‌లో ఆ తట్టు చాలా నెమ్మదినిస్తుంది.

వ్యూఫైండర్‌లోంచి చూస్తే 51 ఫోకస్ పాయింట్లు, అందులో 15 క్రాస్ టైప్ (అడ్డగీతలనూ నిలువు గీతలనూ రెండిటినీ పట్టేవి). డి750లోనూ ఇంతే. అన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. ఫ్రేమ్ చివర నిలబడ్డ మనిషి మీద ఫోకస్ పెట్టాలంటే మధ్యలో లాక్ చేసి కెమెరా తిప్పే పాత పద్ధతే గతి. మారింది లోపల. వెలుతురు కొలిచే సెన్సర్ డి750లో 91 వేల పిక్సెళ్లది, ఇందులో 1,80,000 పిక్సెళ్లది. తమ పెద్ద కెమెరా డి5 కోసం చేసిన ఫోకస్ లెక్కలను ఆధారంగా తీసుకున్నామని నికాన్ చెబుతోంది. వాడుకలో నాకు కనిపించింది ఇది: వధువు మండపానికి నడిచి వస్తున్నప్పుడు మధ్యలో ఎవరో అడ్డం వస్తే, డి750 ఆ అడ్డం వచ్చినవారి మీదికి దూకేది. ఇది కొంచెం ఓపిక పడుతుంది, వెంటనే వదిలేయదు. తేడా ఉంది, కానీ దీనికోసమే డబ్బు పెట్టమని నేను చెప్పను.

అసలు కథ అద్దం పైకి లేచాక మొదలవుతుంది.

డి750లో లైవ్ వ్యూ (అద్దం పైకి లేపి స్క్రీన్ చూసి తీసే పద్ధతి) పెట్టి పెళ్లిలో ఫొటో తీయాలని ప్రయత్నించి ఉంటే మీకు తెలుసు. ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగి ఊగి, పట్టేసరికి ఆ క్షణం దాటిపోయేది. డి780లో ఫొటో పడే సెన్సర్ మీదనే ఫేజ్ డిటెక్ట్ పాయింట్లు (అలా ఊగకుండా ఫోకస్ పట్టేవి) పెట్టారు. మొత్తం 273, ఫ్రేమ్‌లో అటూ ఇటూ సుమారు 90 శాతం మేర పరుచుకుని ఉంటాయి. ముఖాన్నీ, కంటినీ గుర్తుపట్టి వెంటాడుతుంది. జెడ్6లో ఏ ఏర్పాటు ఉందో దాదాపు అదే తెచ్చి డీఎస్ఎల్ఆర్‌లో పెట్టారు. అందుకే దీన్ని నేను ఒక పెట్టెలో రెండు కెమెరాలు అంటాను. అద్దం కింద ఉంటే డి750కి తమ్ముడు, పైకి లేస్తే జెడ్6కి అన్న.

తెల్లవారుజాము పెళ్లి సంగతి చెబుతాను, దీంతో మీకు పూర్తిగా అర్థమవుతుంది. జీలకర్ర బెల్లం వేళకి అడ్డుతెర చుట్టూ జనం ఎలా మూగుతారో మీకు చెప్పక్కర్లేదు. మేనమామలు, పిన్నులు, బావమరుదులు, ప్రతి చేతిలో ఒక ఫోన్. వీడియో అబ్బాయి తన చోటు వదలడు. పురోహితుడు కూర్చోమంటారు, నిలబడితే వెనకాల వాళ్లు అరుస్తారు. ఇన్నేళ్లూ నేను స్టూలు ఎక్కో, మండపం స్తంభం పట్టుకుని ఒరిగో తీశాను. ఈసారి స్క్రీన్ కిందికి వంచి, కెమెరాని రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నాను. తెర దిగుతుండగా అమ్మాయి కళ్లు పైకి లేచాయి. కంటి మీద చిన్న పసుపు పెట్టె పడింది, నేను నొక్కాను. తొమ్మిది ఫ్రేముల్లో ఎనిమిది కంటి దగ్గర పదునుగా ఉన్నాయి. ఒకటి పోయింది, అదీ ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చి. డి750తో తలపైకి ఎత్తి అంచనాతో కొట్టినప్పుడు తొమ్మిదికి మూడు నిలిస్తే అదృష్టం అనుకునేవాణ్ణి.

పైనుంచి చూసిన ఆ కోణం ఆల్బమ్‌లో రెండు పేజీల నిండా వేస్తే అమ్మాయి తండ్రి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. జీలకర్ర బెల్లం పెట్టుకున్న రెండు చేతులూ, చుట్టూ వలయంలా ఉన్న ముఖాలూ ఒకే ఫ్రేమ్‌లో పడ్డాయి. స్టూలు ఎక్కితే దొరికే కోణం కాదది.

ఇప్పుడు దీని ఇబ్బందులు కూడా వినండి. స్క్రీన్ పైకీ కిందికీ మాత్రమే వంగుతుంది, పక్కకి తిరగదు. నిలువు ఫ్రేమ్ కోసం కెమెరా తిప్పి తలపైకి ఎత్తితే స్క్రీన్ మీకు కనిపించదు. కాబట్టి పైకెత్తి తీసేవన్నీ అడ్డం ఫ్రేములే. ఇంకోటి, చేతులు చాచి పట్టుకుంటే వణుకు తప్పదు. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, మీ డి సిరీస్ లెన్సుల్లోనూ లేదు. నేను అలా తీసేటప్పుడు షట్టర్ సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదించనివ్వను, ఐఎస్ఓ (చీకట్లో ఫొటోని వెలిగించడానికి పెంచే అంకె) ఎంత పెరిగినా సరే. మూడోది బ్యాటరీ. నికాన్ లెక్క ప్రకారం ఒక చార్జికి 2,260 ఫొటోలు. అది వ్యూఫైండర్‌తో తీసే లెక్క. వ్యూఫైండర్‌తో తీసిన పెళ్లిలో రోజంతా ఒక్క బ్యాటరీ సరిపోయింది. లైవ్ వ్యూ ఎక్కువ వాడిన పెళ్లిలో తలంబ్రాల వేళకే రెండోది వేయాల్సి వచ్చింది. మీ పాత ఈఎన్-ఈఎల్15 బ్యాటరీలు ఇందులో పనిచేస్తాయి, పారేయకండి. టైప్-సి కేబుల్‌తో కెమెరాలోనే చార్జి అవ్వడం మాత్రం దీంతోపాటు వచ్చే ఈఎన్-ఈఎల్15బి రకానికే. పాతవాటిని విడిగా చార్జర్‌లో పెట్టుకోవాల్సిందే. నాలుగోది ఎండ. మిట్ట మధ్యాహ్నం ఎదురుకోళ్లు తీస్తుంటే స్క్రీన్ మీద నా ముఖమే కనిపించింది. అక్కడ మళ్లీ వ్యూఫైండరే దిక్కు, అది ఉన్నందుకు సంతోషించాను కూడా.

చప్పుడు లేకుండా తీయడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చూసి ముచ్చటపడి దెబ్బతినే అవకాశం ఉంది. లైవ్ వ్యూలో సైలెంట్ మోడ్ పెడితే షట్టర్ కదలదు, సెన్సరే వరుస వరుసగా చదువుకుంటుంది. సెకనుకు 12 ఫ్రేముల దాకా తీస్తుంది. చర్చి పెళ్లిలో ప్రమాణాలు చేసేటప్పుడు ఇదొక వరం. పాస్టర్ గారి గొంతు తప్ప ఇంకో చప్పుడు లేని చోట డి750 క్లిక్కుమంటే మొదటి వరసలోవాళ్లు తిరిగి చూసేవారు. ఈసారి నేను ఆరడుగుల దూరంలో ఉన్నా ఎవరూ నన్ను పట్టించుకోలేదు. పెళ్లికొడుకు కన్నీళ్లు తుడుచుకున్నది నాకు దొరికింది అందుకే.

అదే మోడ్ కల్యాణ మండపంలో పెట్టాను, ఫొటోల నిండా అడ్డగీతలు వచ్చాయి. కారణం ఎల్‌ఈడీ లైట్లు. మన కంటికి తెలియకుండా అవి క్షణానికి ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంటాయి. సెన్సర్ పైనుంచి కిందికి చదివే లోపు లైటు కొన్నిసార్లు వెలిగి, కొన్నిసార్లు ఆరి ఉంటుంది. అదే గీతలుగా పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబులైట్లూ బల్బులూ అయితే షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు సర్దుకుంటుంది. డెకరేషన్ వాళ్లు స్తంభాల కింద పెట్టే రంగురంగుల పార్ లైట్లకి ఆ లెక్క పనిచేయదు, వాటి వేగం వాటిది. కాబట్టి నియమం ఒకటి పెట్టుకోండి: ఎల్‌ఈడీ పార్ లైట్లు కనిపిస్తే సైలెంట్ మోడ్ వద్దు. మామూలు షట్టర్‌తో లైవ్ వ్యూ వాడండి, కంటిని పట్టుకోవడం అలాగే ఉంటుంది. ఇంకో మాట, సైలెంట్ మోడ్‌లో ఫ్లాష్ వెలగదు. ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే మొదటి పది నిమిషాల్లో రెండు టెస్ట్ ఫొటోలు తీసి, పెద్దవి చేసి గీతలున్నాయేమో చూసుకోండి. మంగళసూత్రధారణ అయ్యాక చూసుకుని లాభం లేదు.

ఇక ఫొటో నాణ్యత. 24.5 మెగాపిక్సెళ్లు, సంఖ్యలో డి750కి పెద్ద తేడా లేదు. సెన్సర్ మాత్రం వెనుకవైపు నుంచి వెలుతురు తీసుకునే కొత్త రకం. ఒకే లెన్సుతో, ఒకే మండపంలో రెండు బాడీలతోనూ తీసి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూశాను. ఐఎస్ఓ 1600 దాకా తేడా వెతికితే కానీ దొరకదు. 6400 దగ్గర డి780లో నీడల్లో రంగు చుక్కలు తగ్గాయి, జడలోని పూల మధ్య చీకటి శుభ్రంగా ఉంది. నా అంచనాలో అర స్టాప్, మహా అయితే ముప్పావు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). పన్నెండు బై ముప్పై ఆరు ఆల్బమ్ షీటు మీద ప్రింటు వేశాక ఆ తేడా పెళ్లివారికి తెలియదు. మీరు డి750తో 6400 దగ్గర తృప్తిగా ఉంటే ఈ కారణంగా మారక్కర్లేదు.

ఊదారంగు ఎల్‌ఈడీ వెలుగు పెళ్లికూతురి బుగ్గ మీద పడితే దాన్ని ఏ కెమెరా బాగుచేయదు, డి780 కూడా అంతే. డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడి ముహూర్తం వేళకి ముందువైపు పార్ లైట్లు ఆర్పించడం, లేదా తెలుపుకి మార్పించడం ఇప్పటికీ మన పనే. నేను అడ్వాన్సు తీసుకునే రోజే పెళ్లివారికి ఈ మాట చెప్పేస్తాను.

పట్టుపంచె విషయంలో ఒక చిట్కా చెబుతాను, ఇది మీ డి750లోనూ ఉంది. మీటరింగ్‌లో (వెలుతురు కొలిచే పద్ధతుల్లో) హైలైట్ వెయిటెడ్ అని ఉంటుంది, గుర్తుకి పక్కన చిన్న నక్షత్రం. మెరిసే చోటు తెల్లగా మాడిపోకుండా కెమెరా ఎక్స్‌పోజర్ తగ్గించుకుంటుంది. వరుడి తెల్ల పంచె, తలంబ్రాలు, వెండి బిందె మెరుపు నిలుస్తాయి. ముఖాలు చీకటిగా వస్తే రా ఫైల్‌లో (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా ఇచ్చే అసలు ఫైల్‌లో) పైకి లేపుకోవచ్చు. ఈ సెన్సర్ ఆ లేపడాన్ని బాగా ఓర్చుకుంటుంది. రెండు స్టాపులు లేపినా ముఖం మీద మచ్చలు రాలేదు.

షట్టర్ వేగం 1/8000 దాకా ఉంది. డి750లో 1/4000 దగ్గర ఆగేది. ఎండలో ప్రీ వెడ్డింగ్ తీసేవారికి ఇది బాగా ఉపయోగం. లెక్క చూడండి (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుని వెలుతురు పెరుగుతుంది): నిండు ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/16కి సుమారు 1/100 కావాలి. మీ 85ని ఎఫ్/1.8కి తెరిస్తే అది 1/8000 దగ్గరికి వస్తుంది. అంటే డి750లో ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు పడి ఆకాశం తెల్లబోయేది, ఎఫ్/2.5కి మూయడమో వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించడమో చేసేవాళ్లం. ఇప్పుడు 1.8 దగ్గరే తీయవచ్చు. ఫ్లాష్‌తో మాత్రం మామూలు సింక్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) 1/200 వద్దే ఉంది, అందులో మార్పు లేదు.

ఫ్లాష్ మాట వచ్చింది కాబట్టి మీరు కొనేముందు తప్పక తెలుసుకోవాల్సింది: డి780 బాడీలో ఫ్లాష్ లేదు. డి750లో పైకి లేచే చిన్న ఫ్లాష్ ఉండేది. దాన్ని కమాండర్‌గా పెట్టి పక్కనున్న ఫ్లాష్‌ని వెలిగించే పద్ధతి మనలో చాలామందికి అలవాటు. నేనూ చిన్న ఫంక్షన్లకి అలాగే తీసేవాణ్ణి. ఇప్పుడు రేడియో ట్రిగ్గరో, కెమెరా మీద బిగించి కమాండర్‌గా వాడే ఫ్లాషో కావాలి. మీ దగ్గర ట్రిగ్గర్ లేకపోతే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వేరే కంపెనీ ఫ్లాషులు, ట్రిగ్గర్లు వాడుతుంటే కొనే రోజున షాపుకి పట్టుకెళ్లి కొత్త బాడీ మీద బిగించి చూడండి. కొత్త కెమెరా రాగానే వాటికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కావాల్సి రావడం మామూలే.

రెండో లోటు బ్యాటరీ గ్రిప్. డి750కి ఎంబీ-డి16 ఉండేది, డి780కి గ్రిప్ బిగించే ఏర్పాటే ఇవ్వలేదు. బ్యాటరీ కోసమైతే లోటు లేదు. కానీ రిసెప్షన్‌లో నాలుగు గంటలు నిలువు ఫ్రేములు తీసేవారికి మణికట్టు నొప్పి పుడుతుంది. స్టేజి మీద వచ్చిన ప్రతి కుటుంబాన్నీ తీయాల్సిన ట్రెడిషనల్ పనికి నేను ఇప్పటికీ గ్రిప్ ఉన్న డి750నే వాడుతున్నాను. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన లోటు.

ఇప్పుడు జెడ్6 సంగతి. కెమెరాగా జెడ్6కి నేను వంక పెట్టను. 2018 ఆగస్టులో వచ్చింది, బాడీలో అయిదు దిక్కుల స్టెబిలైజేషన్ ఉంది, తేలిక, వ్యూఫైండర్‌లోనే కంటి ఫోకస్ కనిపిస్తుంది, ధర కూడా తక్కువ. వీడియో ఎక్కువగా తీసేవారు అడిగితే నేను దాన్నే చెబుతాను. మీ విషయంలో ఆపుతున్నది రెండు. ఒకటి మీ లెన్సులు. 50, 85, 80-200 మూడూ డి సిరీస్. వాటిలో ఫోకస్ మోటారు ఉండదు, బాడీలోని మోటారు ఒక చిన్న స్క్రూతో తిప్పుతుంది. డి780లో ఆ మోటారు ఉంది. జెడ్6లోనూ లేదు, పాత లెన్సుల కోసం దానికి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. అంటే ఆ మూడూ జెడ్6 మీద చేత్తో ఫోకస్ తిప్పుకునే లెన్సులైపోతాయి. కదిలే పెళ్లిలో అది కుదరని పని. వాటిని అమ్మి మోటారున్నవి కొనాలంటే బాడీ మీద మిగిలిన డబ్బుకి రెండింతలు లెన్సుల మీద పోతుంది.

రెండోది కార్డు స్లాట్లు. జెడ్6లో ఒక్కటే, అదీ ఎక్స్‌క్యూడీ అనే వేరే రకం కార్డుది. డి780లో రెండు ఎస్‌డీ స్లాట్లు, రెండూ వేగవంతమైన యూహెచ్‌ఎస్-2 రకం. నేనెందుకు ఇంత పట్టుబడతానంటే, కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లిలో నా కార్డు ఒకటి మధ్యలో చదవడం మానేసింది. అప్పగింతల ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి. రెండో స్లాట్‌లో బ్యాకప్ పెట్టి ఉండబట్టి బయటపడ్డాను. ఆ రాత్రి ఇంటికొచ్చి రెండో కార్డు తెరిచి ఫొటోలు కనిపించేదాకా నాకు అన్నం సహించలేదు. అమ్మాయి అత్తారింటికి వెళ్లేటప్పుడు తండ్రి ఏడ్చింది మళ్లీ తీసిస్తానని ఎవరితో చెప్పగలం? పెళ్లి తీసే బాడీకి రెండు స్లాట్లు ఉండాలి, రెండోది బ్యాకప్‌గానే పెట్టాలి, ఓవర్‌ఫ్లోగా (మొదటిది నిండాక వాడేదిగా) కాదు. ఈ విషయంలో నేను రాజీ పడను, మీరూ పడకండి.

యూహెచ్‌ఎస్-2 కార్డు వేస్తే ఇంకో లాభం ఉంది. డి750లో 14 బిట్ రా పెట్టి తలంబ్రాలు వరసగా కొడితే పదిహేను ఫ్రేముల దగ్గర ఊపిరి ఆగిపోయేది. డి780లో తలంబ్రాలు అయిపోయేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు స్లాట్లలోనూ ఒకే వేగం కార్డులు వేయండి. ఒకటి నెమ్మదిది వేస్తే రెండోదీ దాని కోసం ఆగుతుంది.

వీడియో నా పని కాదు కాబట్టి క్లుప్తంగా. డి750లో ఫుల్ హెచ్‌డీయే ఉండేది. ఇందులో సెన్సర్ వెడల్పంతా వాడుకుంటూ 4కె 30 ఫ్రేములు, ఫుల్ హెచ్‌డీలో 120 ఫ్రేముల దాకా స్లో మోషన్ వస్తాయి. మా వీడియో అబ్బాయి గింబల్ (కుదుపు లేకుండా కెమెరా పట్టే స్టాండు) మీద పెట్టి చూసి ఫోకస్ నచ్చిందన్నాడు, బరువే నచ్చలేదన్నాడు.

కొన్న రోజున ఎదురయ్యే ఒక చిక్కు ముందే చెబుతున్నాను. డి780 రా ఫైళ్లను పాత లైట్‌రూమ్, పాత ఫొటోషాప్ తెరవవు. మన స్టూడియోల్లో చాలాచోట్ల ఏనాటివో వర్షన్లు నడుస్తున్నాయి. పెళ్లి తీసుకొచ్చి కంప్యూటర్‌లో పెడితే ఒక్క ఫైలూ కనిపించక కంగారు పడతారు. ముందే కొత్త వర్షన్‌కి మారండి. అప్పటిదాకా నికాన్ ఉచితంగా ఇచ్చే ఎన్ఎక్స్ స్టూడియో (2020లో క్యాప్చర్ ఎన్ఎక్స్-డి) పెట్టుకుంటే పని నడుస్తుంది, కొంచెం నెమ్మదిగా. మీరు ఆల్బమ్ డిజైన్ బయట చేయిస్తుంటే ఆ డిజైనర్‌ని కూడా అడగండి.

ఇది మీరు అడగలేదు, అయినా పాత స్టూడియోలవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇందులో నెగటివ్ డిజిటైజర్ ఉంది. ఈఎస్-2 అనే అడాప్టర్‌ని 60 ఎం.ఎం. మైక్రో లెన్సు ముందు బిగించి నెగటివ్ పెడితే కెమెరాయే రంగులు తిరగేసి జేపెగ్ ఇస్తుంది. మా అటక మీద 1990ల నాటి పెళ్లి నెగటివ్‌లు డబ్బాల్లో ఉన్నాయి. అప్పట్లో నేను పెళ్లి తీసిన ఒకాయన షష్టిపూర్తికి పాత ఫొటోలు కావాలని వాళ్లబ్బాయి వచ్చాడు. స్కానర్‌కి పంపకుండా ఒక మధ్యాహ్నంలో మూడు రోల్స్ చేసేశాను. ఎర్రగా మాసిన ప్రింట్ల పక్కన వీటిని చూసి ఆ అబ్బాయి వాళ్లమ్మకి వెంటనే ఫోన్ చేశాడు. నెగటివ్‌లు దాచుకున్నవారు పారేయకండి.

కొనేటప్పుడు ఇండియా వారంటీ కార్డు, జీఎస్టీ బిల్లు రెండూ ఉన్న పీసే తీసుకోండి. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామనేవారు ఉంటారు. కెమెరా మీద జీఎస్టీ 18 శాతం. మీ స్టూడియోకి జీఎస్టీ నంబరు ఉంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీకే తిరిగి కలిసొస్తుంది. అలా చూస్తే బిల్లు లేని పీసు చవకేమీ కాదు, పైగా రిపేరు వస్తే సీజన్ మధ్యలో దిక్కుండదు.

డీఎస్ఎల్ఆర్‌ల పని అయిపోయిందంటున్నారు కదా, ఇప్పుడు కొంటే డబ్బు వృథానా అని మీ ప్రశ్న చివర్లో రాశారు. జెడ్ వైపే కొత్త లెన్సులు వస్తున్నాయి, అది నిజం. అయినా 2020 ఫిబ్రవరి 12న నికాన్ డి6 అనే డీఎస్ఎల్ఆర్ ప్రకటించింది, కానన్ ఆ జనవరిలోనే 1డి ఎక్స్ మార్క్ 3 డీఎస్ఎల్ఆర్ ప్రకటించింది. మీరు కెమెరా కొనేది పదేళ్ల కోసం కాదు. ఏడాదికి నలభై పెళ్లిళ్లు, పెళ్లికి రెండు వేల క్లిక్కులు అనుకుంటే ఎనభై వేలు. ఈ షట్టర్‌ని 1,50,000 క్లిక్కులకి పరీక్షించామంటున్నారు. అంటే రెండేళ్లలో ఇది తన డబ్బు తాను సంపాదించి పెట్టాలి, పెడుతుంది కూడా. ఆ తర్వాత జెడ్ వైపు వెళ్లాలనిపిస్తే అప్పటికి లైవ్ వ్యూలో కంటి ఫోకస్‌తో తీయడం మీ చేతికి అలవాటై ఉంటుంది.

డి750ని అమ్మకండి. ఇప్పుడు అమ్మితే వచ్చేది తక్కువ, రెండో బాడీగా దాని విలువ ఎక్కువ. బ్యాటరీలు, కార్డులు రెండిటికీ పనికొస్తాయి. దాని మీద 80-200 పెట్టి భుజానికి వేసుకోండి, డి780 మీద 24-70 ఉంచండి. ఆటో వైట్ బ్యాలెన్స్‌లో రెండూ చర్మం రంగు ఒకేలా ఇవ్వవు, డి780 కొంచెం వెచ్చగా ఇస్తున్నట్టు నాకనిపించింది. మండపంలో ఆటో తీసేసి రెండిటికీ ఒకే కెల్విన్ సంఖ్య (వెలుతురు రంగుని చెప్పే అంకె) పెట్టేయండి. గడియారాలు కూడా సెకనుతో సహా కలుపుకోండి, లేకపోతే ఎడిటింగ్‌లో తాళి కట్టడం ముందూ జీలకర్ర బెల్లం తర్వాతా వచ్చి కూర్చుంటాయి.

మీ 80-200 పుష్-పుల్ రకమా (జూమ్ చేయడానికి ముందుకీ వెనక్కీ లాగేది), జూమ్‌కీ ఫోకస్‌కీ విడివిడిగా రెండు రింగులుండేదా రాయలేదు. పుష్-పుల్ అయితే ఫోకస్ నెమ్మది, కొత్త బాడీ మీద కూడా అద్భుతాలు ఆశించకండి. ఏ రకమైనా సరే, డి780 రాగానే ఒక పని చేయండి. కెమెరాని స్టాండ్ మీద పెట్టి ఒక న్యూస్ పేపరుని ఎఫ్/2.8 దగ్గర ముందు లైవ్ వ్యూలో, తర్వాత వ్యూఫైండర్‌తో తీయండి. లైవ్ వ్యూ ఫొటో పదునుగా ఉండి వ్యూఫైండర్‌ది మెత్తగా ఉంటే మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌లోకి వెళ్లి ఆ లెన్సుకి సరిచేసుకోవాలి. మూడు డి లెన్సులకీ ఇది విడివిడిగా చేయండి. నా 85కి మైనస్ 6 పడింది. మీ అంకెలు వచ్చాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను.